ఏజెన్సీ అంగడిలో అద్దెదారు ఎవరు?

1/70 చట్టం అనగానే మన చర్చలన్నీ పొలం గట్టు మీదికే పోతాయి. పోడు, పట్టా, సాగు హక్కు, భూమి స్వాధీనం అనే మాటల చుట్టూ ఖమ్మం ఏజెన్సీ రాజకీయం అర్ధశతాబ్దంగా తిరుగుతోంది. తిరగవలసిందే. అయితే ఆ చట్టం ఎక్కడా ‘వ్యవసాయ భూమి’ అని గీత గీసుకోలేదు, ‘స్థిరాస్తి’ అంది. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అని కూడా అనలేదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఆ ఆస్తి మీద జరిగే మరే ఇతర లావాదేవీ అయినా బదలాయింపే అంది. వాటికోసం రాసుకునే ఒప్పందాన్ని సైతం అందులోనే చేర్చింది. పది అడుగుల వెడల్పున్న మడిగె కూడా స్థిరాస్తే. దానికి నెలనెలా ఇచ్చే అద్దె కూడా చట్టం దృష్టిలో బదలాయింపు నుంచి పుట్టినదే.

దీని పర్యవసానం ఏమిటో ఒక్కసారి నిదానంగా ఆలోచించాలి. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనకు 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఏజెన్సీలోని స్థిరాస్తిని బదలాయించేవారు గిరిజనులైనా గిరిజనేతరులైనా సరే, తీసుకునేవారు షెడ్యూల్డు తెగకు చెందినవారో, పూర్తిగా ఆ తెగల సభ్యులతోనే ఏర్పడిన సహకార సంఘమో అయితే తప్ప ఆ బదలాయింపు చెల్లదు. అంటే భద్రాచలం, పాల్వంచ, మణుగూరు బజార్లలో ఈ రోజు ఖాళీ అయిన ఏ షట్టర్‌నైనా చట్టబద్ధంగా అద్దెకు తీసుకోగలిగినవారు షెడ్యూల్డు తెగలవారు మాత్రమే. దేశంలోని ఏ పెద్ద నగరంలోనూ ఒక ఆదివాసీకి దొరకని ఏకైక అర్హత ఇది. ఆ అర్హత ఉన్న కోయ మహిళ మాత్రం గోనెపట్టా పరచుకుని రోడ్డంచున చీపుర్లో, తేనెసీసాలో, అడవి దుంపలో అమ్ముకుంటుంది. ఆమె వెనుక వరుసగా కనిపించే కొట్లలో ఎవరు కూర్చున్నారో అక్కడి వారెవరికీ చెప్పనక్కర లేదు.

ఈ వైరుధ్యానికి మూలం అమలులోని అలసత్వం మాత్రమేనని అనుకుంటే పొరపాటు. అక్కడ కులం ఒక నిర్దిష్టమైన పని చేస్తోంది. ఆ పని ఏమిటో తెలియాలంటే ముందు మామూలు చోట అద్దె ఎలా నడుస్తుందో చూడాలి.

ఖమ్మం నగరంలో ఒక మడిగె అద్దెకు తీసుకునేవారికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం వర్తిస్తుంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. కాకపోతే ఆ పత్రాన్ని అందులోని షరతులకు సాక్ష్యంగా కోర్టు స్వీకరించదు. అందుకే మన యజమానులంతా పదకొండు నెలల ఒప్పందం దగ్గర ఆగిపోతారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది, అద్దెదారుకు గట్టి హక్కూ మిగలదు. నెలవారీ అద్దె అయితే పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. అద్దె నిర్ణీత పరిమితికి లోపల ఉంటే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కొంత అండగా నిలుస్తుంది. బాకీ ఎగవేత, ఉప అద్దె, యజమాని స్వంత అవసరం వంటి కారణాలు రుజువైతే తప్ప ఖాళీ చేయించలేరు. కొనేవారైతే లింకు దస్తావేజులు, ఈసీ, మునిసిపల్ అనుమతి చూసుకుంటారు. వెరసి, తగాదా వస్తే తీర్చడానికి ఒక వ్యవస్థ ఉంది. కొత్తగా వ్యాపారంలోకి దిగేవారికి లీజు కాగితం ఇచ్చే భరోసా అదే. పరిచయం లేని మనిషిని కూడా నమ్మి డబ్బు పెట్టగలగడం.

ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వైపు వెళ్తుంటే ఈ భరోసా ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందో కంటికి కనబడదు, ఎందుకంటే షెడ్యూల్డు ప్రాంతపు సరిహద్దు రెవెన్యూ గ్రామాల జాబితా మీద నడుస్తుంది. ఒక ఊరు జాబితాలో ఉంటుంది, దాని పక్క ఊరు ఉండదు. పాత హైదరాబాదు రాష్ట్రంలోని గ్రామాలను 1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకటించింది. గోదావరి ఆవలి భద్రాచలం, నూగూరు తాలూకాలు అప్పట్లో తూర్పు గోదావరి ఏజెన్సీలో భాగం, అవి ఆ ఏడాది జనవరి ఉత్తర్వులోనే ఉన్నాయి. 1959లో అవి ఖమ్మం జిల్లాలో కలిశాయి. ఫలితంగా ఒకే నదికి రెండు ఒడ్డుల్లో రెండు చట్ట చరిత్రలు. ఉత్తరపు ఒడ్డున 1917 నాటి మద్రాసు ఏజెన్సీ చట్టం గిరిజనుల నుంచి గిరిజనేతరులకు జరిగే బదలాయింపును ఏజెంటు అనుమతికి లోబరచింది. గిరిజనేతరుల మధ్య అమ్మకాల జోలికి పోలేదు. దక్షిణపు ఒడ్డుకు 1959 నిబంధన 1963 డిసెంబరు నుంచే వర్తించింది. ఏజెన్సీలో ఆస్తి పత్రాలు చదివే ఎవరైనా మొదట అడగవలసినది ధర ఎంత అని కాదు, ఈ ఊరు ఏ ఉత్తర్వులో ఉంది, ఈ పత్రం ఏ ఏటిది అని.

భద్రాచలంలో 1970కి ముందే చట్టప్రకారం ఆస్తి సంపాదించుకున్న గిరిజనేతర కుటుంబాలు ఉన్నాయన్నది వాస్తవం. వారి వారసత్వాన్ని చట్టం ముట్టుకోలేదు. తాత కట్టిన కొట్టును మనవడు నిక్షేపంగా నడుపుకోవచ్చు. కానీ అదే మనవడు ఆ కొట్టును మరో గిరిజనేతరుడికి అద్దెకిస్తే అది చెల్లదు. పైగా ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న స్థిరాస్తి ఏదైనా, కాదని రుజువయ్యే దాకా, గిరిజనుల నుంచి సంక్రమించినదేనని భావించాలని మూడో సెక్షన్ చెబుతోంది. రుజువు భారం ఆస్తి అనుభవిస్తున్నవారిది. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ భావనను, గిరిజనేతరుల మధ్య బదలాయింపు నిషేధాన్ని రెండింటినీ సమర్థించింది. ఇక సందేహానికి తావు లేదు.

మరి చెల్లని అద్దెలు ఇన్నేళ్లుగా ఎలా చెల్లుతున్నాయి? అడ్వాన్సు ఎగ్గొట్టినా యజమాని మీద అద్దెదారు దావా వేసి నెగ్గడం దుర్లభం. అద్దె ఎగ్గొట్టినా యజమానికి అదే ఇబ్బంది, ఎందుకంటే శూన్యమైన ఒప్పందాన్ని ఏ కోర్టూ అమలు చేయదు. అయినా లావాదేవీ సాఫీగా సాగిపోతోంది. కారణం, రిజిస్ట్రారు చేయవలసిన పనిని అక్కడ బంధుత్వం చేస్తోంది, కోర్టు చేయవలసిన పనిని కుల పెద్దమనిషి చేస్తున్నాడు. మధ్యవర్తిగా నిలిచేవాడు బావమరిదో, ఒకే జిల్లా నుంచి వచ్చినవాడో, ఒకే వర్తక సంఘంలో సభ్యుడో అయి ఉంటాడు. మాట తప్పితే పెళ్లి సంబంధాల దగ్గర, అప్పు పుట్టే చోట ఆ సంగతి తెలిసిపోతుంది. చట్టం వదిలేసిన చోట కులం ఒక పూచీకత్తుగా నిలబడుతుందన్నమాట. ఆ వలయంలో లేనివారికి, అంటే కోయకు, కొండరెడ్డికి, మాల మాదిగలకు, ఆ పూచీకత్తు దొరకదు.

నా దగ్గర పీజీ చేసిన ఒక కోయ విద్యార్థిని ఇప్పపువ్వు లడ్డూలు, చిరుధాన్యాల తినుబండారాలు అమ్మే కొట్టు పెట్టాలనుకుంది. ముందు ఖమ్మంలో చూసింది. యజమాని అద్దె చెప్పక ముందే ‘మీ ఇంటిపేరేమిటమ్మా’ అని అడిగాడట. ఆ తర్వాత మడిగె ఎవరికో మాటిచ్చామన్నాడు. భద్రాచలంలో అద్దె మాట తేలింది గాని, రిజిస్టరు లీజు అడిగేసరికి యజమాని ముఖం మారిపోయిందని చెప్పింది. ‘ఇక్కడ కాగితాలు ఉండవమ్మా, నమ్మకమే’ అన్నాడట. ‘సార్, ఈ ఊళ్లో కాగితం చెల్లేది నా ఒక్కదానికే గదా, మరి నాకే కాగితం ఎందుకివ్వడు?’ అని ఆమె అడిగింది. చట్టం మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత సూటి ప్రశ్న కనబడలేదు.

జవాబు కష్టమైనదేమీ కాదు. ఆమెకు రిజిస్టరు లీజు ఇవ్వాలంటే యజమాని తన హక్కు పత్రాలను బయట పెట్టాలి. అవి 1970 తర్వాతి నోటరీ కాగితాలో, తెల్లకాగితపు కొనుగోళ్లో అయితే ఆయన యాజమాన్యమే ప్రశ్నార్థకమవుతుంది. ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కోర్టు ఫిర్యాదు అందితేనే కదలాలని లేదు, తనంత తానుగానూ విచారణ చేపట్టవచ్చు. తన వర్గం మనిషితో చేసుకున్న చెల్లని ఒప్పందం యజమానికి క్షేమం. ఆదివాసీతో చేసుకునే చెల్లుబాటు ఒప్పందం ప్రమాదం. ఆదివాసీ అద్దెదారును బజారుకు దూరం పెడుతున్నది ఈ లెక్కే.

ఈ లెక్కలో ప్రభుత్వం కూడా భాగస్వామి. ఒక శాఖ ఆ ఒప్పందాన్ని శూన్యమంటుంది. మరో శాఖ అదే గదికి కరెంటు మీటరు ఇస్తుంది, పంచాయతీ ఇంటిపన్ను రసీదు రాస్తుంది, వ్యాపార లైసెన్సు జారీ చేస్తుంది. వ్యాపార స్థలానికి రుజువుగా అద్దె పత్రమో కరెంటు బిల్లో చూపితే జీఎస్టీ నంబరు వస్తుంది. ఏ ఒక్కటీ యాజమాన్యానికి రుజువు కాదని అధికారులు అంటారు. నిజమే. అయితే పదేళ్ల రసీదులు కట్టగట్టి చూపినప్పుడు, ‘ఇన్నాళ్లుగా ఉన్నవాళ్లను ఎలా తీసేస్తారు’ అనే వాదన పుట్టేది ఆ కట్టలోంచే. లైసెన్సు దరఖాస్తులో ఒక్క గడి చేర్చి, ఈ గదిని ఏ హక్కుతో అనుభవిస్తున్నారని అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర లేదు.

బినామీ సంగతి మరీ లోతైనది. గిరిజనేతరుడి ప్రయోజనం కోసం ఒక గిరిజనుడు మరో గిరిజనుడి పేరిట చేసే బదలాయింపును కూడా చట్టం నిషేధించింది. ఆస్తి కోసం గిరిజన స్త్రీలను వివాహమాడటం గురించి ఏజెన్సీలో వినని వారు లేరు. ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఆ స్త్రీని అనుమానంగా చూస్తారు. అది నాకు సమ్మతం కాదు. అడగవలసినది గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గరుంది, బ్యాంకు ఖాతా ఎవరు నడుపుతున్నారు అని. భార్య పేరుతో ఉన్న కొట్టును భార్యే నడుపుతుంటే అది ఆమెదే, భర్త కులం ఏదైనా.

షెడ్యూల్డు తెగ అనే మాటలోపలా అంతరాలున్నాయి. 1976 నాటి పార్లమెంటు చట్టంతో తెలంగాణ లంబాడాలు ఆ జాబితాలో చేరారు. మైదాన ప్రాంతంలో చదువు, ఉద్యోగం, కొంత పెట్టుబడి సమకూర్చుకున్న లంబాడా కుటుంబం ఏజెన్సీలో మడిగె కొంటే అది పూర్తిగా చట్టబద్ధం. కోయలకు, కొండరెడ్లకు అది మింగుడుపడదు. 2017లో బద్దలైన ఆదివాసీ–లంబాడా ఘర్షణ వెనుక ఉద్యోగాలతోపాటు ఈ ఆస్తి భయం కూడా ఉంది. మరోవైపు బస్తర్ హింసకు తాళలేక 2005 నుంచి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలు ఉన్నారు. తెగల జాబితా రాష్ట్రానికి రాష్ట్రం వేరు, వలసతో హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అందరికంటే అడవికి దగ్గరగా బతుకుతున్న మనిషి ఎస్టీ ధ్రువపత్రం చేతికందక, అద్దె గది విషయంలో వలస వర్తకుడితో సమానంగా నిలబడవలసి వస్తుంది.

ఇక దళితుల ప్రశ్న. ఈ పేజీ చదివేవారు ఇది దాటవేస్తే క్షమించరు, క్షమించకూడదు కూడా. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న మాదిగ చెప్పులు కుట్టే మనిషి, టీ కొట్టు పెట్టుకున్న మాల యువకుడు చట్టం ముందు గిరిజనేతరులే. పెద్ద వస్త్ర దుకాణదారుకు, ఆ టీ కొట్టుకు ఒకే నిషేధం. తేడా ఏమిటంటే మొదటివాడికి పైన చెప్పిన కుల పూచీకత్తు ఉంది, రెండోవాడికి అదీ లేదు. అందుకని దళితులకు 1/70 నుంచి మినహాయింపు ఇవ్వాలని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను ఒప్పుకోలేను. ఆ తలుపు తెరిచిన మర్నాడే దళితుల పేర్ల మీద బినామీలు మొదలవుతాయి. రెండు పీడిత సమూహాలు ఒక షట్టర్ ముందు కొట్టుకుంటాయి. స్థిరాస్తిలో హక్కు ఏర్పడని మార్గం వెతకాలి. వారపు సంతలో, పంచాయతీ స్థలంలో రోజువారీ తైబజారు చెల్లించి కూర్చునే చోట్లను ముందుగా దళిత, నిరుపేద గిరిజనేతర వృత్తిదారులకు కేటాయించవచ్చు. అక్కడ లీజు ఉండదు, బదలాయింపు ఉండదు. దానికి ఓ పైకప్పు, నీళ్లు, రాత్రి సరుకు దాచుకునే చోటు కలిపితే చిన్న వ్యాపారానికి అది చాలా పెద్ద మేలు.

ఈ కేటాయింపు అధికారం ఎక్కడుందో కూడా చూద్దాం. సుమారు 50 వేల జనాభాను 2011లోనే దాటిన భద్రాచలం ఈనాటికీ గ్రామ పంచాయతీయే. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప షెడ్యూల్డు ప్రాంతాలకు రాజ్యాంగంలోని మునిసిపాలిటీల భాగం వర్తించదు. పాల్వంచ, మణుగూరుల్లో మునిసిపాలిటీ బోర్డు పెట్టినా దశాబ్దాల పాటు ఎన్నికలు జరగకపోయింది ఆ చిక్కు వల్లనే. పంచాయతీలకు మాత్రం 1996 నాటి పీసా చట్టం ఉంది. భూమి అన్యాక్రాంతం కాకుండా అడ్డుకునే అధికారంతో పాటు, గ్రామ మార్కెట్లను నిర్వహించే అధికారాన్ని అది గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇచ్చింది. అధ్యక్ష స్థానాలన్నీ తెగలవారికే కేటాయించింది. కుర్చీలో ఆదివాసీ సర్పంచి ఉన్న ఊళ్లో పంచాయతీ దుకాణ సముదాయపు గదులు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది గ్రామసభలో అడగదగిన ప్రశ్న. సమతా కేసులో 1997 జూలై 11న వెలువడిన తీర్పు, నిబంధనలోని ‘వ్యక్తి’ అనే మాటలో ప్రభుత్వం కూడా ఉందని, ప్రభుత్వ ఆస్తి సైతం గిరిజనేతరులకు లీజుకు పోరాదని తేల్చింది. గనుల కేసు కదా అని మనం దాన్ని గనులకే వదిలేశాం. ఆ తర్కం పంచాయతీ గదులకు, ప్రభుత్వ సంస్థలు వేలం వేసే దుకాణాలకు వర్తించదని అనడానికి నాకు కారణం కనబడదు. రామాలయ స్థలపురాణం పోకల దమ్మక్క అనే అడవి బిడ్డతో మొదలవుతుంది. ఆమె వారసురాళ్లకు ఆ కొండ చుట్టూ ఉన్న అంగళ్లలో చోటెంత అని అడిగితే భక్తులకు కోపం రానవసరం లేదు.

చోటు దొరికినా పెట్టుబడి కావాలి. ఏజెన్సీ ఆస్తి మీద అప్పు పుట్టదని బ్యాంకు మేనేజర్లు చెప్పే మాట సగమే నిజం. స్వాధీనం అప్పగించకుండా ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో, సహకార సంస్థకో గిరిజనులు ఆస్తిని తాకట్టు పెట్టుకునే వీలు మూడు–ఎ సెక్షన్‌లో ఉంది. బాకీ తీరకపోతే ఆ ఆస్తిని మరో గిరిజనుడికో, గిరిజన సంఘానికో మాత్రమే అమ్మాలి. కొనేవారు తక్కువన్నది బ్యాంకు బెంగ. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకం ప్రతి శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం ఇవ్వాలని పెట్టుకుంది. ఏజెన్సీలోని ఎన్ని శాఖలు ఒక కోయ మహిళకు కొట్టు కోసం ఆ రుణం ఇచ్చాయో సమాచార హక్కు కింద అడగడం మన విద్యార్థి సంఘాలకు ఒక వారం పని.

1/70 వల్లే ఏజెన్సీలో వ్యాపారం పెరగలేదని, సవరించాలని ప్రతి ఎన్నికకు ముందు ఒక గొంతు లేస్తుంది. వ్యాపారం పెరగలేదనడం భద్రాచలం రోడ్ల మీద ఒకసారి నడిచినవారెవరూ నమ్మరు. శ్రీరామనవమికి, ముక్కోటికి ఆ బజారు ఎలా కిటకిటలాడుతుందో తెలిసిందే. పెరగనిది అందులో ఆదివాసీ వాటా. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టుల్లో స్థానిక గిరిజనులకున్న నూరు శాతం రిజర్వేషన్‌ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసిన తర్వాత, చదువుకున్న కోయ, కొండరెడ్డి పిల్లలకు ఉద్యోగ ద్వారం మరింత ఇరుకైంది. వారికి ఇంకా మిగిలి ఉన్న చట్టబద్ధమైన ఆధిక్యం ఈ అద్దె హక్కు ఒక్కటే. దాన్ని పొలం కేసుల ఫైళ్లలోంచి తీసి బజారుకు తేవాలంటే ఐటీడీఏ ముందుగా ఒక పని చేయవచ్చు. భద్రాచలం, పాల్వంచ, మణుగూరుల్లోని ప్రభుత్వ, పంచాయతీ దుకాణ గదుల జాబితాను, ఒక్కో గది ఎవరి పేరున ఉంది, ఎవరు నడుపుతున్నారు, ఎంత అద్దె, ఎప్పటిదాకా గడువు అనే వివరాలతో పంచాయతీ కార్యాలయపు గోడ మీద అంటించడం. గడువు తీరిన ప్రతి గదికీ గిరిజన యువతీయువకులతో, వారి సహకార సంఘాలతో రిజిస్టరు లీజు రాయించి, స్టాంపు ఖర్చు తానే భరించడం. ఆదివాసీకి కాగితం రాయడానికి జంకుతున్న ప్రైవేటు యజమానుల దగ్గరికి ఆ తర్వాత వెళ్లవచ్చు.